తమ భాషలో పాడి ఊరుకున్నారు : 'ముంగ్' ఆల్బమ్‌పై ఒక పరిశీలన

2000 సంవత్సరం మే 15వ తేదీన బ్రిటన్‌లో 'ముంగ్' అనే రాక్ ఆల్బమ్ ఒకటి విడుదలయింది. వెల్ష్ భాషలో ఆ మాటకు జూలు అని అర్థం. పాడినది సూపర్ ఫర్రీ ఆనిమల్స్ అనే అయిదుగురి బృందం. పది పాటలూ వెల్ష్‌లోనే ఉన్నాయి. బ్రిటన్ మొత్తం మీద ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో అది 11వ స్థానానికి చేరింది. అంతకు ముందు వెల్ష్ భాషలో వచ్చిన ఏ ఆల్బమూ ఆ పట్టికలో మొదటి ఇరవైలోకి రాలేదు. 1991 జనాభా లెక్కల ప్రకారం ఆ భాష వేల్స్‌లోనే నూటికి పందొమ్మిది మందికి మించి రాదు. ఇంగ్లండులో దాని ఊసే లేదు. కాబట్టి ఈ ఆల్బమ్‌ను కొని విన్నవారిలో చాలామందికి పాటలోని ఒక్క మాట కూడా అర్థమై ఉండదని చెప్పటానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

అర్థంకాని పాటను జనం ఎందుకు ఆదరించారు అన్నది ఈ ఆల్బమ్ గురించి మామూలుగా వేసే ప్రశ్న. మాకు అంతకంటె ముఖ్యమని తోచిన ప్రశ్న మరొకటుంది. ఆ ఆదరణ దేన్ని విన్నది, దేన్ని వినకుండా దాటేసింది? హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉండి తెలుగు చదువుకునే విద్యార్థులకు ఈ రెండో ప్రశ్న కొత్తది కాదు. తమ మాటను చుట్టుపక్కలవారు ఎలా వింటారో, కేంద్రంలో ఉన్నవారు ఎలా వింటారో వారికి అనుభవమే.

ముందు బృందం సంగతి. 1995లో వీరి తొలి రికార్డులు అంక్స్ట్ అనే చిన్న వెల్ష్ సంస్థ ద్వారా వెలువడ్డాయి. తరువాత లండన్‌లోని క్రియేషన్ సంస్థ వీరిని తీసుకుంది. ఆ సంస్థ అధిపతి ఆలన్ మగీ వీరి కచేరీ విని, బాగుంది గాని ఇంగ్లీషులో పాడితే మేలని సలహా ఇచ్చాడనీ, అప్పటికే వారు పాడుతున్నది ఇంగ్లీషులోనేననీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఎంత మటుకు నిజమో గాని మంచి కథ. యాస ఒకటుంటే చాలు, వినేవాడు భాషనే మార్చేసుకుంటాడు. క్రియేషన్ నుంచి 1996, 1997, 1999 సంవత్సరాలలో మూడు ఆల్బమ్‌లు వచ్చాయి; అన్నీ ప్రధానంగా ఇంగ్లీషువే. మూడోదయిన 'గెరిల్లా'ను అందరికీ నచ్చే పాటల సంపుటిగా, జనాదరణ కోసమే కష్టపడి, ఖర్చుపెట్టి చేశారు. ఆశించినంత ఫలితం రాలేదు. ఈలోగా క్రియేషన్ సంస్థే మూతపడే దారి పట్టింది. అప్పుడు బృందం తన దగ్గర పోగుపడి ఉన్న వెల్ష్ పాటలను తీసి, ప్లాసిడ్ కాజువల్ అని సొంత సంస్థ పేరుతో విడుదల చేసింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. భాషోద్యమంలో భాగంగానో, ప్రభుత్వ సహాయంతోనో పుట్టిన ఆల్బమ్ కాదిది. ఇంగ్లీషు మార్కెట్టులో మూడుసార్లు అదృష్టం పరీక్షించుకుని కొంత అలసిన బృందం ఇంటికి వచ్చి చెప్పులు విడిచినట్టు చేసిన పని.

తయారీలోనూ ఆ ఇంటి తీరే కనబడుతుంది. వేల్స్‌కు వాయవ్యంగా ఉన్న ఆంగ్లెసీ దీవిలో, లాన్‌వైలోగ్ అనే ఊళ్ళో, గోర్వెల్ ఓవెన్ అనే నిర్మాతకు ఒక స్టూడియో ఉంది. దాని పేరు ఓవ్న్. వెల్ష్‌లో భయం అని అర్థం. స్టూడియోకు అలాంటి పేరు పెట్టే ధైర్యం ఎందరికుంటుంది! ఈ బృందం మొదటి రెండు ఆల్బమ్‌ల నిర్మాణంలోనూ ఓవెన్ పాలుపంచుకున్నాడు. 'ముంగ్' పాటలు చాలామటుకు అందరూ ఒకచోట కూర్చుని ఒకేసారి వాయించగా రికార్డయినవి. మొత్తం ఖర్చు సుమారు ఆరు వేల పౌండ్లు. పెద్ద సంస్థల కింద పనిచేసే బృందాల లెక్కలో ఇది టీ ఖర్చు. 'గెరిల్లా'లో పొరలు పొరలుగా పేర్చిన యంత్రధ్వనులు ఇక్కడ దాదాపు లేవు. గిటారు, డ్రమ్ములు, ఆర్గన్, అక్కడక్కడ బాకాల వంటి వాయిద్యాలు, వాటి మధ్య గ్రిఫ్ రీస్ గొంతు. ఆయన పేరును ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే 'గ్రఫ్' అని చదవబుద్ధవుతుంది. ఉత్తర వెల్ష్‌లో ఆ అచ్చును ఇకారానికి దగ్గరగా పలుకుతారు. ఆల్బమ్ పేరులోనూ అదే చిక్కు. ఇంగ్లీషులో హల్లుగా వాడే 'డబ్ల్యూ' అక్షరం వెల్ష్‌లో ఉకారం కూడా. ఆ సంగతి తెలియనివాడికి ఆ పేరులో అచ్చే కనబడదు.

డబ్బు తక్కువ కావటం ఈ ఆల్బమ్‌కు మేలే చేసిందని మా అభిప్రాయం. పొరలు తొలగిన చోట మాట ముందుకు వచ్చింది. పాటలో మాట ముందుకు రావటం అంటే అర్థం ముందుకు రావటమనే కాదు. హల్లులు, అచ్చులు, ఊనికలు ముందుకు రావటం. భాషాశాస్త్రం చదివే విద్యార్థులు ఈ పాటలను ఒకసారి కళ్ళు మూసుకుని వినవలసింది ఇందుకే.

వెల్ష్‌లో మాట మొదటి హల్లు పక్కనున్న మాటను బట్టి మారిపోతుంది. వేల్స్ దేశానికి వారి పేరు కమ్రి. 'వేల్స్‌కు' అనేటప్పుడు అది గమ్రి అవుతుంది. 'వేల్స్‌లో' అనేటప్పుడు ఙమ్రి అవుతుంది. (మన వర్ణమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న ఙ అక్షరానికి ఆ భాషలో చేతినిండా పని.) ఆల్బమ్‌లో 'తెల్లవారినప్పుడు' అనే అర్థం గల పాట శీర్షికలోనే, రావటమనే అర్థం ఉన్న క్రియ మొదటి డకారం, 'ఎప్పుడు' అనే మాట తరువాత మెత్తబడి, నాలుక కొన పళ్ళకు తాకీ తాకనట్టుండే ఊష్మంగా మారింది. మనకు ఇది వింత కాకూడదు. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులైనప్పుడు, కూర, కాయలు కలిసి కూరగాయలైనప్పుడు జరిగినది ఇటువంటిదే. గసడదవాదేశమని సూత్రం వల్లించి పరీక్ష రాసే విద్యార్థికి, అటువంటి మార్పు ఒక జాతి నోట రోజూ, బజారులోనూ బడిలోనూ, ప్రతి రెండో మాటలో జరుగుతుందంటే ఆశ్చర్యం కలగవచ్చు. తేడా ఒకటుంది. మన వాడుకలో అది చాలావరకు సమాసాల్లో గడ్డకట్టింది. కావ్యభాషలో మాత్రమే వాక్యమంతా పారింది. వెల్ష్‌లో ఇంకా పారుతూనే ఉంది. హల్లులు ఇలా కరుగుతూ పోవటం వల్ల పాటకు వచ్చిన ఒరవడిని ఇంగ్లీషు శ్రోతలు 'మార్మికం' అనుకున్నారు. అది మార్మికం కాదు, వ్యాకరణం.

పాటల విషయానికి వస్తే ముందుగా చెప్పవలసినది, వాటిలో భాషను గురించిన ఏడుపు లేకపోవటం. దీని విలువ తెలియాలంటే వెల్ష్ పాట వెనుక కథ కొంత తెలియాలి. 1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత తన భాష భవిష్యత్తును గురించి చేసిన రేడియో ప్రసంగం తరువాత వెల్ష్ భాషా సంఘం పుట్టింది. 1965లో కాపెల్ కెలిన్ అనే వెల్ష్ పల్లెను ముంచి లివర్‌పూల్ నగరానికి నీరిచ్చే జలాశయం కట్టారు. 1967లో ఇ బ్లూ అనే బృందం వెల్ష్‌లో తొలిసారి విద్యుత్ గిటార్లతో రాక్ పాడింది. 1969లో సైన్ అనే రికార్డు సంస్థ ఏర్పడింది; దాని మొదటి రికార్డు ఆ జలాశయం గురించే. ఆనాటి నుంచి వెల్ష్‌లో పాడటమంటే ఒక బాధ్యత మోయటం. ప్రతి పాటా పరోక్షంగానైనా 'మేమింకా ఉన్నాము' అని చెప్పాలి. ఆ పాటలకు మేము తక్కువ విలువ కట్టటం లేదు. అవి లేకపోతే 1982లో వెల్ష్ టెలివిజన్ ఛానలు గాని, 1993లో భాషా చట్టం గాని వచ్చేవా అన్నది అనుమానమే. కాని ఎప్పుడూ తన్ను గురించే మాట్లాడుకునే భాష, ఎప్పుడూ తన జబ్బు గురించే చెప్పే చుట్టం వంటిది. ప్రేమ ఉన్నా ఎక్కువసేపు కూర్చోలేము.

'ముంగ్'లో ఒక పాట, రీస్ చిన్ననాటి బడిపంతులమ్మ తన తల వెనుక కూడా కళ్ళున్నాయని పిల్లల్ని బెదిరించిన జ్ఞాపకం మీద కట్టింది. మరొక పాట శీర్షిక 'కాలేయపు మొహం'. వెల్ష్‌లో అది ఒక తిట్టు. ఇంకొకటి 'ఎండ విరామాలు', వాతావరణ వార్తల్లో మబ్బుల మధ్య కాసేపు ఎండ కాస్తుందని చెప్పే మాట. ఎత్తుగడగా వచ్చే 'డ్రగ్యోని' అంటే చెడుతనం. ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు, తలుపు తన్ని లోపలికి వచ్చినట్టుంటుంది. 'సార్న్ హెలెన్' వేల్స్‌లో ఉత్తర దక్షిణాలుగా సాగిన పాత రోమను బాట పేరు. బడి, తిట్టు, వాన, బాట. ఒక భాషలో మనిషి బతుకుతున్నాడని చెప్పటానికి ఇంతకంటె ఏం కావాలి? తిట్టును శీర్షికగా పెట్టగలగటం మామూలు విషయం కాదు. పలచబడుతున్న భాషలో ముందుగా పోయేవి తిట్లు, హాస్యాలు, ముద్దుమాటలు. చివరిదాకా మిగిలేవి ప్రార్థనలు, ఉపన్యాసాలు. మన బయటి ప్రాంతాల ఇళ్ళలో ఉగాది శుభాకాంక్షలు తెలుగులోనూ, కోపం పక్కభాషలోనూ రావటం చూసినవారికి ఈ మాట బోధపడుతుంది.

ఆల్బమ్‌కు గుండెకాయ వంటి పాట రెండోది. శీర్షికకు అర్థం 'అంచులలో సభ్యత్వం తీసుకోవటం'. లండన్ దృష్టిలో ఈ బృందం ఎప్పుడూ అంచునే ఉంది. కాని పాటలోని నొప్పి అది కాదు. ఇంగ్లీషులో పాడినందుకు వెల్ష్ భాషాభిమానులు వీరిని వెలివేసినట్టు చూశారు. ఐస్తెద్వోద్ అనే జాతీయ కళోత్సవంలో 1950 నుంచి వెల్ష్ మాత్రమే వినబడాలన్న నియమం అమలులో ఉంది. ఉత్సవానికి అది ప్రాణం కూడా. ఆ నియమం ఉత్సవ ప్రాంగణం దాటి మనుషులను తూచే తక్కెడగా మారితే ఏమవుతుందో ఈ పాట చూపుతుంది. పాటగాళ్ళ మధ్య పుట్టే అసూయలకూ జగడాలకూ వెల్ష్‌లో 'పాటల దయ్యం' అనే పాత పలుకుబడి ఉంది. ఆ దయ్యం పట్టిన ఊరి నుంచి వచ్చిన పాట ఇది. బాకాలతో, ఉల్లాసంగా, దాదాపు పెళ్ళి ఊరేగింపులా సాగుతుంది. ఫిర్యాదును అంత హుషారుగా పాడటంలోనే దాని వాడి ఉంది. ఈ ఫిర్యాదును తమ భాషవారికి, తమ భాషలోనే, వారి పలుకుబడులతోనే చేయటం ఇంకా పెద్ద సంగతి. బయటివారికి వినబడకుండా ఇంట్లో తేల్చుకోవలసిన మాట అది. అది మాత్రం పదకొండో స్థానందాకా వెళ్ళింది, బయటివారెవరికీ అర్థం కాకుండానే.

మన విద్యార్థులు దీన్ని రెండుసార్లు వినాలి. చుట్టూ ఉన్న రాష్ట్రభాషవారు మనల్ని 'తెలుగువారు' అంటారు. విజయవాడకో హైదరాబాదుకో వెళ్ళితే అక్కడివారు మన మాట విని 'మీది తెలుగేనా?' అంటారు. రెండు చోట్లా అంచే. ఈ స్థితిని గురించి మన కథల్లో, కవితల్లో విచారం చాలానే వచ్చింది. హుషారు ఇంకా రావలసి ఉంది.

మరొక ఎంపిక కూడా చెప్పుకోదగినది. పదింటిలో ఒక పాట సొంతం కాదు. 1982లో మొదలయిన దత్‌బ్లగి బృందానిది. దాని కవి, గాయకుడు డేవిడ్ ఎడ్వర్డ్స్ 2021లో చనిపోయాడు. వెల్ష్‌లోనే రాస్తూ, వెల్ష్ మధ్యతరగతి ఆత్మతృప్తిని అంత కటువుగా ఎగతాళి చేసినవాడు మరొకడు లేడు. తీసుకున్న పాట మాత్రం ఎగతాళిది కాదు, వివరణకు అందని ఒక అనుభూతిని గురించినది. సంప్రదాయపు పెద్దలను వదిలి ఇంట్లోని తిరుగుబాటుదారుకు దండం పెట్టారన్న మాట.

ఇక ఆదరణ. ప్లైడ్ కమ్రి పక్షానికి చెందిన ఎల్విన్ ల్లుయిడ్ అనే సభ్యుడు బ్రిటిష్ పార్లమెంటులో ఈ ఆల్బమ్‌ను వెల్ష్ జాతి ఆత్మవిశ్వాసానికి గుర్తుగా అభినందించాడు. ఆ సంబరానికి కాలమూ కలిసివచ్చింది. 1997 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత 1999లో వేల్స్‌కు సొంత శాసనసభ ఏర్పడింది. కొత్త ఇంటికి తోరణం కావాలి. ఇంగ్లీషు పత్రికల విమర్శకులూ మెచ్చుకున్నారు. అమెరికాలోనూ ఒక చిన్న అనుబంధ డిస్కుతో విడుదలయింది. ఈ మెప్పులో మాకు వినబడే స్వరాలు రెండు. ఒకటి, ఇంత సాహసమా అనేది. రెండు, అర్థం కాకపోయినా ఎంత అందంగా ఉందో అనేది. రెండింటిలోనూ పాట లేదు. మొదటి దానిలో జెండా ఉంది, రెండో దానిలో నాదం ఉంది. వెలివేత పాటను విని 'ఎంత ఉల్లాసం' అనటం ఈ రెండో రకపు మెప్పుకు సహజమే.

అర్థం తెలియని ఆదరణ మనకు పరాయి విషయం కాదు. తిరువయ్యారులో జీవించిన త్యాగరాజు (1767–1847) తెలుగు కృతులను తమిళ దేశంలో తరతరాలుగా తమిళులు పాడారు, తమిళులు విన్నారు. కావేరి ఒడ్డున తెలుగు నాదంగా బతికింది. ఆ గాయకుల నోట పదవిభజన చెడి అర్థం మారిపోతోందని మనవారు విసుక్కోవటం కద్దు. కాని 1940లలో తమిళ ఇసై ఉద్యమం వచ్చి, తమిళనాట కచేరీలో తమిళ పాటకు చోటేదని అడిగినప్పుడు, మనలో చాలామంది దాన్ని తెలుగుకు అపచారంగా మాత్రమే తీసుకున్నారు. తనకు అర్థమయ్యే భాషలో పాట కావాలని శ్రోత అడగటం అపచారం కాదు. 'ముంగ్' కోరినదీ అదే. వెల్ష్ శ్రోతకు మొదట అర్థమయ్యే పాట, మిగిలినవారికి వీలైనంత. తంజావూరులో తెలుగు వేదిక మీది భాష. లండన్‌లో వెల్ష్ వేదిక కింది భాష. ఈ తేడాను మరిచి రెండింటినీ ఒకటిగా చెప్పటం తగదు. కాని నాదంగా మాత్రమే ప్రేమించబడటంలో ఉన్న ఒంటరితనం రెండు చోట్లా ఒకటే.

ఆల్బమ్‌లో లోపాలు లేవని కాదు. మొదటి సగంలోని చురుకు రెండో సగంలో తగ్గుతుంది. చివర రెండు శీర్షికలు జోడించిన దీర్ఘగీతం ('లోతైన వేళ్ళు' అన్నది అందులో మొదటిది) వేళ్ళ బరువుకే కుంగినట్టుంటుంది. వ్యాకరణప్రియులకు ఆ శీర్షికలో ఒక చిన్న కానుక ఉంది. వేళ్ళు బహువచనంలో ఉన్నా పక్కన విశేషణం ఏకవచనంలోనే ఉంది. విశేషణానికి పాత బహువచన రూపం ఉన్నా, వాడుకలో ఏకవచనమే చెల్లుతుంది. గ్రాంథికం పక్కన పెట్టి ఇంటి మాటనే శీర్షికకు ఎక్కించారు. గిడుగువారు వింటే సంతోషించేవారు.

తరువాత జరిగినది కూడా చెప్పాలి. 2001లో బృందం మరో పెద్ద సంస్థతో ఇంగ్లీషు ఆల్బమ్ చేసింది. అది 3వ స్థానానికి చేరింది. పూర్తిగా వెల్ష్‌లో రెండో ఆల్బమ్ ఆ బృందం నుంచి రాలేదు. దీన్ని కొందరు ఓటమిగా చెబుతారు. ఒకే ఆల్బమ్ మీద ఒక భాషను నిలబెట్టవలసిన భారం వేసినవారికే అది ఓటమి. వెల్ష్ మాట్లాడేవారి శాతం 2001 లెక్కల్లో 20.8కి పెరిగి, 2021 నాటికి 17.8కి తగ్గింది, ఈ రెండింటిలో దేనికీ ఒక రాక్ బృందాన్ని బాధ్యుల్ని చేయలేము. రీస్ మాత్రం 2005లో సొంతంగా ఒక వెల్ష్ ఆల్బమ్ తెచ్చాడు. దాని శీర్షికను ఒక విధంగా విడదీస్తే 'నత్తి తరం' అని అర్థం; వింటే గర్భనిరోధానికి వాడే మాట చెవిన పడుతుంది. ఈ శ్లేషను ఇంగ్లీషులోకి తేవటం సాధ్యం కాదు, తెలుగులోకీ మేము తేలేము. 2015లో 'ముంగ్' మళ్ళీ విడుదలయినప్పుడు అయిదుగురూ కలిసి వేదిక మీద పాడారు. 2019లో రీస్ తెచ్చిన మరో వెల్ష్ ఆల్బమ్‌లో దక్షిణాఫ్రికా సంగీతకారుడొకరు పనిచేయగా, మధ్య మధ్య జూలూ మాటలు కూడా చేరాయి. వాటికి అర్థం తెలియని వెల్ష్ శ్రోతలు ఈసారి వేల్స్‌లోనే ఉన్నారు.